ఇంటి మనిషికి సెలవు ఖాతా

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవం ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు కోరారు. నేను 1971లో గుమాస్తాగా చేరి 2004లో పదవీ విరమణ చేశాను. అందులో చాలా కాలం ఎస్టాబ్లిష్‌మెంటు సీటులోనే గడిచింది. ఎంతమంది సర్వీసు రిజిస్టర్లలో సెలవు ఖాతాలు కట్టానో లెక్క లేదు. అయితే కట్టవలసి ఉండి కట్టని ఖాతా ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని గూర్చి, దాని వెనుక ఉన్న చరిత్రను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మాది బైరెడ్డిపల్లె. ఇప్పుడది మండల కేంద్రం గాని, 1985లో మండలాలు ఏర్పడక ముందు పలమనేరు తాలూకాలోని ఒక ఊరు. మాకు కొంచెం మెట్ట పొలం ఉండేది. నా చిన్నతనంలో, అంటే 1950ల నాటి మాట, ఉగాదికి జీతగాడిని కుదుర్చుకొనేవారు. ఉగాది నుంచి ఉగాది దాకా ఒక ఏడాది. ఇన్ని రాగులు, రెండు జతల గుడ్డలు, ఒక కంబళి, చెప్పులు, కొంత రొక్కం అని మాట అయ్యేది. మా నాయన దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. జీతగాడు రాని దినాలన్నీ అందులో ‘నాగా’ అని గీతలు పడేవి. ఉగాది వచ్చినా సరే, ఆ నాగాలన్నీ పని చేసి తీర్చిన తరువాతే లెక్క తేలేది. ఆ పుస్తకంలో ‘సెలవు’ అన్న మాట నేను చూడలేదు.

ఈ రెండు మాటల మధ్య తేడానే ఈ వ్యాసమంతా. నాగా అంటే పనివాడి తప్పు. సెలవు అంటే పనివాడికి రావలసినది. మన భాషలో సెలవుకు అనుమతి అనే అర్థం కూడా ఉంది. ‘తమ సెలవైతే వెళ్లి వస్తాను’ అంటాము. అనుమతి హక్కుగా మారడానికి చాలా కాలం పట్టింది.

అసలు పని మానడమే నేరమైన రోజులు కూడా ఉన్నాయి. 1859 నాటి ఒక చట్టం ప్రకారం ముందుగా డబ్బు తీసుకొన్న కూలీ పని చేయకపోతే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. పని చేయమన్న ఉత్తరువును కూలీ మీరితే మూడు నెలల దాకా ఖైదు పడేది. అది 1926 ఏప్రిల్ వరకు అమలులో ఉన్నది. అప్పు కింద మనిషిని కట్టివేసే వెట్టి పద్ధతిని రద్దు చేస్తూ చట్టం రావడానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది.

ఈలోగా మన సర్కారీ ఉద్యోగులకు వేరే దారి ఏర్పడింది. ఫండమెంటల్ రూల్సు 1922 జనవరి 1న అమలులోకి వచ్చాయి. తరువాత 1933 నాటి సెలవు నిబంధనలు. మనలో పెద్దవారికి డ్యూటీ కాలంలో పదకొండో వంతు ఆర్జిత సెలవు అని లెక్కవేసిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ తరువాత జనవరి 1న 15, జూలై 1న 15, ఏడాదికి 30 రోజులు ముందుగానే జమ చేసే పద్ధతి వచ్చింది. సెలవును హక్కుగా కోరరాదని 67వ రూలు చెబుతుంది. ఆ రూలు చూపించి సెలవు నిరాకరించిన అధికారులను మనమందరమూ చూశాము. కాని ఖాతాలో పడిన జమను వారెవరూ తుడిచివేయలేదు. మన ధైర్యం ఆ ఖాతాయే. నేను విరమణ చేసిన నాడు 240 రోజుల సెలవును సొమ్ము చేసుకొన్నాను.

ఫ్యాక్టరీ పనివారికి 1948 చట్టం వేరే లెక్క చెప్పింది. ఏడాదిలో 240 రోజులు పని చేసినవారికి, మరుసటి ఏడాది ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు. అర రోజుకు తక్కువ కాని భిన్నాన్ని ఒక రోజుగా లెక్కించాలి. వారపు సెలవు దీనికి అదనం. పార్లమెంటు 2020లో ఆమోదించిన కొత్త కోడులో ఆ 240ని 180 చేశారు. ఇవన్నీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయాయి గాని మన గడప దాటి లోపలికి రాలేదు.

ఇక మా ఇంటి సంగతి. 1981లో మా ఊరి పక్క పల్లె నుంచి భర్త పోయిన ఒక యువతి పలమనేరులో మా ఇంటికి పనికి వచ్చింది. మా పిల్లలు ఆమెను అక్కా అని పిలిచేవారు. తిండి, బట్ట, పడక మా ఇంట్లోనే. 2007 వరకు ఇరవై ఆరేళ్లు ఉన్నది. ‘మా ఇంటి మనిషి’ అని అందరికీ గొప్పగా చెప్పుకొనేవాళ్లం. ఏడాదికి పది దినాలు ఊరికి వెళ్లేది. ఆ పది దినాలకు జీతంలో కోత వేసేవాళ్లం. అంటే అది సెలవు కాదు, లాస్ ఆఫ్ పే! ఆఫీసులో నా కింద ఎవరికైనా అలా జరిగితే నేనే ఫైలు పెట్టి ఉండేవాణ్ణి. ఇంట్లో నాకు తోచనే లేదు.

తోచేలా చేసింది ఆమె చెల్లెలి కూతురు. కడప, రాయచోటి, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవారి సంగతి మనకు తెలిసినదే. ఈ అమ్మాయి కూడా అలాగే వెళ్లి, 2018లో ఊరికి వచ్చి, ఖర్జూరం పొట్లం తీసుకొని మమ్మల్ని చూడవచ్చింది.

“ఎన్ని దినాలుంటావమ్మా?” అన్నాను.

“నెల దినాలు సారూ, జీతంతోనే. అక్కడ రూలు ఉండాది” అన్నది.

నిజమే. కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం చేశారు. ఇంటి పనివారికి రోజుకు 12 గంటలు మించని పని, వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సొమ్ము అని అందులో ఉంది. కాగితం మీద ఉన్నదంతా అక్కడ ప్రతి ఇంట్లోనూ జరగడం లేదు. పాస్‌పోర్టు దాచిపెట్టే యజమానులూ ఉన్నారు. అయినా అడగడానికి ఆధారంగా ఒక కాగితం ఉన్నది.

ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ అమాయకంగానే అడిగింది: “మా పెద్దమ్మకు మీ ఇంట్లో ఎన్ని దినాలు సారూ?”

ఆ రాత్రి కాగితం ముందు పెట్టుకొని కూర్చొన్నాను. ఏడాదికి పని చేసినది 355 రోజులు. ఫ్యాక్టరీ లెక్కన 20తో భాగిస్తే 17.75, అనగా 18. ఇరవై ఆరేళ్లకు 468 రోజులు. ఆఖరి జీతం నెలకు 1,500, రోజుకు 50. మొత్తం 23,400 రూపాయలు. మన లెక్కన 30 చొప్పున 780 రోజులు, 39,000 రూపాయలు. కువైట్ లెక్క కూడా అంతే. నా విరమణ నాడు ఉన్న 240 రోజుల పరిమితి పెడితే 12,000తో సరి. నిజం చెప్పాలంటే నా మనసు మొదట ఆ 12,000 వైపే పోయింది. గుమాస్తా బుద్ధి! కాని వాడుకోవడానికి అవకాశం ఇచ్చినవారికే కదా పరిమితి? ఒక్క రోజు కూడా ఇవ్వని నాకు ఆ పరిమితి చూపే అర్హత లేదు. వారపు సెలవులు 1,352 అవుతాయి. వాటి పక్కన రూపాయలు వ్రాయడానికి ధైర్యం చాలలేదు.

డి.ఏ. బకాయిలు వచ్చిన నెలలో 39,000 తీసుకొని, నా భార్యతో కలిసి ఆ పల్లెకు వెళ్లాను. విషయం చెప్పగా ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “దుడ్లు సరే అయ్యా. పిల్లోళ్ల పరీక్షలని మీరు పోవద్దన్నప్పుడు మా ఊరి గంగ జాతర ఏడు తూర్లు తప్పిపోయింది. మా యమ్మ ఉన్నన్ని దినాలూ ఎదురు చూసింది” అన్నది. కోపంగా అనలేదు. ఆమె కూడా లెక్క పెట్టుకొనే ఉన్నది. నాకు ఒక్క ఏడాది కూడా గుర్తు లేదు. నా భార్య ఆమె చెయ్యి పట్టుకొని కూర్చొన్నది. సెలవును సొమ్ము చేయవచ్చు గాని, సొమ్మును తిరిగి సెలవుగా చేయలేమని ఆనాడు తెలిసింది.

చట్టం సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటి పనివారికి సెలవు, వారపు విశ్రాంతి కోరుతూ పార్లమెంటులో 1959లోనే ప్రైవేటు బిల్లు వచ్చింది. అది చట్టం కాలేదు. కర్ణాటక 2004లో, మన రాష్ట్రం 2007లో ఇంటి పనికి కనీస వేతనాలు నిర్ణయించాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలన్నది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటి పనివారి రక్షణకు చట్టం అవసరమా అన్నది పరిశీలించే కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఇప్పుడు మనలో చాలామంది పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. మనకు మందులు అందించి, రాత్రి లేచి మంచినీళ్లు ఇచ్చే మనిషి మన ఇంట్లోనే పడుకొంటున్నది. ఆమె పేర ఒక నోటు పుస్తకం తెరవండి. చేరిన తేదీ వ్రాయండి. వారానికి ఒక రోజు విడిచిపెట్టండి. జనవరి 1న 15, జూలై 1న 15 జమ వేయండి. ఊరికి వెళ్లేటప్పుడు సెలవు జీతం ముందుగానే చేతిలో పెట్టండి. ఆమె ఊరి జాతర ఎప్పుడో అడిగి తెలుసుకొని, ఆ తేదీలు మీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఈ పని మనకు కొత్త కాదు. జీవితమంతా చేసినదే.