ఖిసాస్ వేరు, పగ వేరు: హుర్ముజాన్ హత్యోదంతం

ఇస్లాంకు పూర్వం అరబ్బులలో హత్యకు ప్రతిహత్య తెగ గౌరవానికి సంబంధించిన విషయం. హంతకుణ్ణే పట్టుకోవాలన్న నియమం లేదు; అతని తెగలో ఎవరు చిక్కినా పగ తీరినట్లే. హతుడు నాయకుడైతే ఒక ప్రాణం చాలదని అనేకులను బలిగొనేవారు. ఒక ఆడ ఒంటె కారణంగా మొదలై, బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య నలభై ఏండ్లు సాగిందని చెప్పబడే బసూస్ యుద్ధం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం.

దివ్యఖుర్ఆన్ ఈ ఆచారాన్ని కట్టడి చేసింది. ప్రతీకారాన్ని హంతకునికే పరిమితం చేసింది. అతనిని క్షమించి దియత్ (రక్తపరిహారం) స్వీకరించే హక్కును హతుని వారసునికి ఇచ్చింది (అల్ బఖర 178). ఆ వారసుడు సైతం హద్దు మీరరాదని హెచ్చరించింది (బనీ ఇస్రాయీల్ 33). క్రీ.శ. 632లో వీడ్కోలు హజ్ సందర్భాన దైవప్రవక్త (స) అజ్ఞానకాలపు రక్తపు పగలన్నింటినీ రద్దు చేస్తూ, మొట్టమొదట తమ వంశీయుడైన రబీఆ బిన్ హారిస్ కుమారుని రక్తపు బాకీనే వదలుకొన్నారు.

అయితే శాసనం ఏర్పడినంత మాత్రాన మనిషి హృదయంలోని పగ చల్లారదు. ఈ సత్యం పన్నెండేండ్లకే మదీనాలో వెల్లడైంది.

హుర్ముజాన్ పారశీక సేనాని. తుస్తర్ ముట్టడిలో లొంగిపోయి మదీనాకు బందీగా తేబడ్డాడు. ఆ ముట్టడిలో అతడు బరా బిన్ మాలిక్, మజ్‌జఆ బిన్ సౌర్‌లను చంపినవాడు. హజ్రత్ ఉమర్ (ర) అతనికి మరణశిక్ష విధింపదలచారు. కాని అంతకు ముందే సంభాషణలో, భయపడక మాట్లాడవచ్చునని ఆయన నోటి నుండి అభయవాక్యం వెలువడింది. ఆ సంగతి గుర్తుచేసినవారు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (ర), అనగా హతుడైన బరాకు స్వయాన సోదరుడు! ఖలీఫా మరొక సాక్షిని కోరగా హజ్రత్ జుబైర్ (ర) సాక్ష్యమిచ్చారు. ఖలీఫా మాటకు కట్టుబడ్డారు. హుర్ముజాన్ ఇస్లాం స్వీకరించి మదీనాలోనే స్థిరపడ్డాడు. అతనికి బైతుల్‌మాల్ నుండి రెండు వేల దిర్హముల భృతి కూడా ఏర్పాటయింది.

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో ఫజ్ర్ నమాజు సమయాన అబూ లులు అనే పారశీక బానిస హజ్రత్ ఉమర్‌ను బాకుతో పొడిచి, పట్టుబడగానే ఆత్మహత్య చేసుకొన్నాడు. హత్యకు ముందు అబూ లులు, హుర్ముజాన్, హీరా వాసియైన జుఫైనా అనే క్రైస్తవుడు రహస్యంగా మాట్లాడుకొంటుండగా చూచితినని, తనను చూచి వారు తత్తరపడగా రెండు మొనల బాకు క్రింద పడిందని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ చెప్పారు. ఆ మాట వినగానే ఉమర్ గారి కుమారుడు ఉబైదుల్లాహ్ కత్తి దూశాడు. విచారణ లేదు, తీర్పు లేదు. హుర్ముజాన్‌ను, జుఫైనాను, చివరకు అబూ లులు చిన్న కూతురును కూడా చంపివేశాడు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) అతని చేతి నుండి కత్తి లాగుకొని నిర్బంధించారు.

నూతన ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (ర) ఎదుటికి వచ్చిన తొలి జటిల సమస్య ఇదే. ఉబైదుల్లాహ్‌కు ఖిసాస్ అమలు కావలసిందేనని హజ్రత్ అలీ (ర) అభిప్రాయపడ్డారు. నిన్న తండ్రి హతుడు కాగా నేడు కుమారుణ్ణి చంపుట తగదని మరికొందరన్నారు. ఒక కథనం ప్రకారం, వారసులు లేని హతునికి పాలకుడే వారసుడన్న హోదాలో హజ్రత్ ఉస్మాన్ దియత్ నిర్ణయించి, తమ సొంత ధనం నుండి చెల్లించారు. తబరీ పేర్కొన్న మరొక కథనం ప్రకారం హుర్ముజాన్ కుమారుడు ఖుమాజ్‌బాన్‌కు హంతకుణ్ణి అప్పగించగా, ప్రజలు వేడుకొన్న మీదట అతడు క్షమించాడు. ఏది ఏమైనా వివాదం అంతటితో సమసిపోలేదు. హజ్రత్ అలీ ఖలీఫా అయిన తరువాత ఉబైదుల్లాహ్ సిరియాకు వెళ్ళి, క్రీ.శ. 657లో సిఫ్ఫీన్ యుద్ధంలో మరణించాడు.

జుఫైనా వంటి ముస్లిమేతర రక్షితుని హత్యకు ఖిసాస్ వర్తిస్తుందా అన్న విషయమై ఇమాముల మధ్య భేదాభిప్రాయమున్నది, ఇమామ్ అబూ హనీఫా (మ. 767) వర్తిస్తుందన్నారు. కాని నేరం రుజువు కానిదే ఖిసాస్ లేదని, పాలకుని అనుమతి లేకుండా దానిని అమలు జరుపరాదని ఫుఖహా సాధారణంగా నిర్ణయించారు.

ఈ ఉదంతంలో ఆప్తులను కోల్పోయినవారు ఇద్దరున్నారు. అనస్ తన సోదరుని చంపినవాడు ఎదుటనే ఉన్నా, అతనికి అనుకూలమైన సత్యాన్ని దాచలేదు. ఉబైదుల్లాహ్ అనుమానాన్నే సాక్ష్యంగా స్వీకరించాడు. హుర్ముజాన్ నిజంగా కుట్రలో పాల్గొన్నాడో లేదో తేల్చే అవకాశం అతని మరణంతోనే పోయింది. ఇక ఆ బాలిక విషయంలో తేల్చవలసినదేమీ లేదు. ఆమె చేసిన నేరం లేదు. తండ్రి నేరానికి ఆమె ప్రాణం తీయుట, ఖుర్ఆన్ రద్దు చేసిన అజ్ఞానకాలపు పగే. దోషికి తగిన శిక్ష న్యాయమే. అయితే ఆ శిక్షను గాయపడినవాని చేతికి గాక న్యాయాధిపతికి ఎందుకు అప్పగించవలసి వచ్చిందో ఆ బాలిక మరణం స్పష్టం చేస్తున్నది.