పత్తి ఆకు తుంచితే కాయ పెరుగుతుందా?

ఆగస్టు చివర్న జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ, చిట్యాల, మొగుళ్లపల్లి దిక్కు నల్లరేగడి చేలకు పోతే పత్తి నడుం దాకా ఎదిగి సాళ్ల మధ్య దారి మూసేసి ఉంటుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అడుగున చెమ్మ ఆరదు. కింది కాయలు నల్లబడతాయి, కొన్ని కుళ్లుతాయి. ఆ పూట గట్టు మీద ఎవరో ఒకరు అనే మాట ఇది: "ఆకు తీస్తే గాలాడుతది, కాయకు బలమొస్తది." కొందరు అడుగు ఆకులు తుంచుతారు. కొందరు కొసలు గిల్లుతారు. కొందరు రెండూ చేస్తారు.

గాలాడుతుందన్న సగం నిజమే. కాయకు బలమొస్తుందన్న సగాన్నే పరీక్షకు పెట్టాలి. ఆ పని మొదలుపెట్టేముందు ఆకు తుంచడాన్ని, తల తుంచడాన్ని వేరు చేసుకోవాలి. మాటలో రెండూ కలిసిపోతున్నాయి గానీ మొక్కలో రెండూ వేర్వేరు పనులు.

తుంచితే పెరుగుతుందన్న నమ్మకానికి ఇదే జిల్లాలో బలమైన ఆధారమే ఉంది. మహదేవ్‌పూర్, పలిమెల అడవుల్లో తునికి పొదలను ఎండాకాలం మొదట్లో నరుకుతారు. దాన్ని కొమ్మకొట్టుడు అంటారు. కొన్ని వారాల్లో వెడల్పాటి లేత ఆకు వస్తుంది, దాన్ని కట్టకు 50 చొప్పున కడతారు. అక్కడ నరకడం పని చేస్తుంది, అనుమానం లేదు. కానీ తునికికి ఆకే పంట. ఏళ్ల నాటి వేరులో దాచుకున్న బలంతో ఆ పొద మళ్లీ చిగురిస్తుంది. జూన్‌లో గింజ వేసిన పత్తికి అలాంటి నిల్వ లేదు. దానికి ఆకు పంట కాదు, పంటను వండే పొయ్యి.

ఆ పొయ్యి ఎవరికి వండుతుందో తెలియాలంటే ఒక కాయ కొమ్మను చేతిలోకి తీసుకుని చూడాలి. అది నిటారుగా పోదు, కణుపు కణుపుకూ వంకర తిరుగుతుంది. ప్రతి కణుపు దగ్గరా ఒక ఆకు, దానికి ఎదురుగా ఒక గూడ ఉంటాయి. ఆ గూడే పువ్వవుతుంది, పిందె పడుతుంది, కాయవుతుంది. అంటే ప్రతి కాయకూ పక్కనే తన ఆకు ఒకటి ఉంది. 1972లో యాష్లీ అనే అమెరికా శాస్త్రవేత్త పత్తి ఆకులకు కార్బన్-14 కలిసిన గాలిని అందించి, అక్కడ తయారైన చక్కెర ఎటు పోతుందో వెంబడించారు. కాయ కొమ్మ మీది ఆకు నుంచి బయలుదేరిన ఆహారంలో పెద్ద వాటా పక్కనున్న కాయకే చేరింది. 1975లో బెనెడిక్ట్, కోహెల్ ఇదే పద్ధతిలో చేసిన పరిశీలన కూడా ఇటువైపే చూపింది. ప్రధాన కాండం మీది పెద్దాకులు కూడా తమ వంతు పంపుతాయి, కాయ పెంకు కూడా పచ్చగా ఉన్నన్నాళ్లు కొంత తయారు చేసుకుంటుంది. అయినా పక్క ఆకును తీసేస్తే ఆ లోటును ఇవి మొత్తం పూడుస్తాయని నమ్మడానికి ఆధారం బలహీనం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆకులన్నీ ఒకే తీరున పని చేయవు. పత్తి ఆకు విచ్చుకున్న మూడు వారాల ప్రాంతంలో మంచి బలంగా ఉంటుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. 1990లో వుల్‌ష్లెగర్, ఊస్టర్‌హౌస్ ప్రచురించిన కొలతలు కాయ ఆకలి పెరిగే రోజులకు దాని పక్క ఆకు బలం అప్పటికే సన్నగిల్లుతోందని చూపాయి. అలాంటప్పుడు నీడలో ముసలిదైన అడుగు ఆకు ఉండి ఏం లాభం, అది పైవాటి తిండి తింటుంది కదా అంటారు. ఈ మాట నేనూ చాలాసార్లు విన్నాను. మొక్కల శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. ఒకసారి పూర్తిగా ఎదిగిన ఆకు మళ్లీ ఇతర ఆకుల నుంచి ఆహారం తీసుకోదు, నీడలో ఉన్నా సరే. ఇంకో సంగతి, పసుపు పచ్చగా మారుతున్న ఆకు ఊరికే చావడం లేదు. తనలోని నత్రజనిని, కొన్ని ఇతర పోషకాలను వెనక్కి లాగి పైన లేత భాగాలకు, కాయలకు పంపుతుంది. పండబారకముందే దాన్ని తుంచితే ఆ నత్రజని సాలులో పడిపోతుంది. మనం కొని వేసిన యూరియా అది.

అసలు లెక్క రోజులది. సాగులో ఉన్న పత్తి చాలావరకు పగటి నిడివితో పని లేకుండా వయసును, వేడిని బట్టి పూతకు వస్తుంది. ఐదారు వారాలకు గూడ, ఎనిమిది వారాలకు పూత, పువ్వు నుంచి పగిలిన కాయ దాకా మరో ఏడెనిమిది వారాలు. ఈ గడియారం మన కోసం ఆగదు. ఆకు పోయిన మొక్క కొత్త ఆకు వేసుకోగలదు గానీ దానికి రోజులు పడతాయి, ఆ రోజులు కాయ నిండే రోజుల్లోంచే పోతాయి. సోయాబీన్‌లో పురుగు ఆకు తిన్నప్పుడు మందు కొట్టాలా వద్దా అని తేల్చడానికి వాడే కొలత ఇదే విషయం చెబుతుంది: పూతకు ముందు 30 శాతం ఆకు పోయినా మొక్క తట్టుకుంటుంది, పూత తర్వాత 20 శాతమే హద్దు. 1995లో సాద్రాస్ పత్తి మీద చేసిన సమీక్ష గూడ, పిందె రాలిన మొక్క ఎంతవరకు కోలుకుంటుందో చూసింది. నష్టం ఎప్పుడు జరిగింది, తర్వాత నీరు, ఎరువు, రోజులు ఎన్ని మిగిలాయి అన్న దాన్ని బట్టే ఫలితం మారుతుందని తేల్చింది. వర్షం మీద బతికే మన చేలల్లో సెప్టెంబరు తర్వాత మిగిలేవి తక్కువ.

వేరే దేశాల్లో ఇదే ప్రశ్న గంజాయి మొక్క మీద నడుస్తోంది. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద దాన్ని అనుమతి లేకుండా సాగు చేయడం నేరం. వైద్యం కోసం సాగును అనుమతించిన చోట్ల మాత్రం ఆకు తీసే పద్ధతుల మీద పరిశోధన ఉంది. 2021లో ఇజ్రాయెల్‌కు చెందిన డాంజిగర్, బెర్న్‌స్టీన్ కొమ్మలు, ఆకులు తీసే రకరకాల పద్ధతులను పోల్చారు. వాళ్లు ముఖ్యంగా చూసింది మొక్క పైభాగానికీ అడుగుకూ మధ్య మందు గుణం సమంగా ఉందా అని. పైగా అవి పొద్దు తగ్గితే పూసే మొక్కలు, పెంపకందారు పూత రోజును వెనక్కి జరపగలడు. గంజాయిలోనే నాలుగు వారాలకే తమంతట తాము పూతకు వచ్చి రెండు మూడు నెలల్లో ముగిసే రకాలకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఆ ఫలితాన్ని వాటికి అంటగట్టడం తొందరపాటు, పత్తికి అంటగట్టడం ఇంకా తొందరపాటు.

తల తుంచడం సంగతి వేరు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూటి రకాలకు 15వ కణుపు, హైబ్రిడ్లకు 20వ కణుపు దాటాక కొస తుంచమని చెబుతుంది. అది దాదాపు 75 నుంచి 90 రోజుల వయసు. దీని వెనుక తర్కం సులువు. సెప్టెంబరు 20న కొసన పుట్టిన గూడ పువ్వు కావడానికి మూడు వారాలు, కాయ పగలడానికి ఇంకో ఏడెనిమిది వారాలు, అప్పటికి డిసెంబరు వస్తుంది. నేలలో తడి ఉండదు, గులాబీ రంగు పురుగు మాత్రం ఉంటుంది. ఆ గూడకు పోయే బలాన్ని ఉన్న కాయలకు మళ్లించడమే తల తుంచడం. లేత కొసల మీద శనగపచ్చ పురుగు పెట్టిన గుడ్లు కొన్ని దాంతో పోతాయన్నది అదనపు మేలు. కానీ మొక్క ఏపుగా ఎదిగి, పదును ఉన్న చేనులోనే ఇది అర్థవంతం. ఎర్ర చెల్కలో మోకాలెత్తున ఆగిన మొక్కకు తుంచాల్సిన తలే లేదు. చైనాలో కొమ్మలు తీయడం, తలలు తుంచడం తరతరాల అలవాటు. అక్కడి పరిశోధకులు కూడా మొక్కలు దగ్గరగా వేసి కొమ్మలు తీసే పని తగ్గించే దారి వెతుకుతున్నారు, ఎందుకంటే కూలీలు దొరకడం లేదు.

మనకూ అదే ముడి. 90 సెంటీమీటర్ల సాలు, మొక్కకు మొక్కకు 60 సెంటీమీటర్లు వేస్తే ఎకరాకు సుమారు 7,500 మొక్కలు. ఒక్కో మొక్క దగ్గర ఆకులు తుంచడానికి 20 సెకన్లు పట్టిందనుకుందాం. ఎకరాకు 41 గంటలకు పైనే, అంటే ఐదారు కూలి దినాలు. అదే 90కి 15 వేసిన అధిక సాంద్రత చేనులో 30,000 మొక్కలు, ఇరవై కూలి దినాలు దాటుతాయి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కూలి మీద పెట్టిన ప్రతి వెయ్యి రూపాయలకు 12 కిలోలకు పైగా పత్తి అదనంగా రావాలి. ఆకు తుంచి అంత అదనం వస్తుందని నేను చూసిన ఆధారాల్లో ఏదీ చెప్పడం లేదు.

ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. చేను పూర్తిగా కమ్ముకుని, వాన వదలక, అడుగు కాయలు కళ్ల ముందే కుళ్లుతుంటే, కాయలకు ఆనుకుని ఉన్న కొన్ని ఆకులు తీయడం వల్ల కుళ్లు తగ్గవచ్చు. అది బలం పెంచడం కాదు, ఉన్న కాయ కాపాడుకోవడం. అసలు చేను అంతగా ఎందుకు కమ్ముకుందంటే చాలాసార్లు కారణం దగ్గర సాళ్లు, వానకు వానకు వేసిన యూరియా. ఆకు ఎర్రబారిందని తుంచేవాళ్లు కూడా ఉన్నారు. అది తరచుగా మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తే ఆకు పని చేస్తూ ఉంటుంది.

నమ్మకం కుదరని రైతు తన చేనులోనే చూసుకోవచ్చు. ఒకే తీరున ఉన్న మడిలో పన్నెండు సాళ్లు ఎంచుకుని, నాలుగింటిలో ఆకు తుంచి, నాలుగింటిలో తల మాత్రమే తుంచి, నాలుగు అసలు ముట్టుకోకుండా వదలాలి. మూడు రకాలూ వరుసగా కాకుండా కలగలిపి ఉండాలి, లేకపోతే పల్లపు తడి, గట్టు వార ఎండ ఫలితాన్ని తారుమారు చేస్తాయి. ప్రతి సాలు మొదట్లో రంగు గుడ్డ కట్టాలి. తుంచడానికి పట్టిన గంటలు అదే రోజు రాసుకోవాలి. మొదటి ఏరుడు నుంచి చివరి ఏరుడు దాకా ఏ సాలు పత్తి ఆ సాలు సంచిలోనే పడాలి, కుళ్లిన కాయలు, పగలకుండా మిగిలిన గుడ్డి కాయలు కూడా లెక్కపెట్టాలి. పత్తిని ఎనుమాముల మార్కెట్‌కు తోలే ముందు, ఇంటి ముందర కాంటా మీద ఒక్కో సంచినీ విడిగా తూచాలి.