అనుయాయులు వలదన్న వాణి – సామాజిక మాధ్యమములు

మదనపల్లెనుండి కదిరికి పోవు మార్గమున అంగళ్లు అను గ్రామము కలదు. 1998లో స్థాపితమైన ఇంజనీరింగు కళాశాల ఇచ్చటనే యున్నది. ఋషివ్యాలీ విద్యాలయమును ఈ ప్రాంతముననే కలదు. ఆ విద్యాలయమునకు మూలపురుషుడు 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి. నేడు అంగళ్లు విద్యార్థి ఆయన కంఠమును వినుటకు గ్రంథాలయమునకు పోనక్కరలేదు. చేతిలోని ఫోనే చాలును. ఈ సౌకర్యమువలన కలిగిన యొక చారిత్రక సమస్యను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1911లో దివ్యజ్ఞాన సమాజ ప్రముఖులు కృష్ణమూర్తిని జగద్గురువుగా భావించి యొక సంఘమును నెలకొల్పిరి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్‌లో, అనిబిసెంటు సమక్షమున, ఆయన దానిని రద్దుచేసెను. తనకు అనుయాయులు వలదనుట అందలి సారము. ఆయన వ్రాతలను, ధ్వనిముద్రణలను, చలనచిత్రములను భద్రపరచుచున్న లాభాపేక్షలేని సంస్థలు నేడు యూట్యూబు, ఇన్‌స్టాగ్రాముల ద్వారా వానిని యువకులకు అందించుచున్నవి. ఆ మాధ్యమములు సంస్థల ప్రతిష్ఠను కొలుచునది 'ఫాలోయరుల' సంఖ్యతో. ఆ మాటకు తెలుగు అనుయాయులే కదా!

దీనిని వైరుధ్యమని త్రోసివేయుట న్యాయము కాదు. కృష్ణమూర్తి నిరాకరించినది గురుత్వమును, ప్రచారమును కాదు. 1986 జనవరి 4న మదరాసులో తుది ప్రసంగము చేయువరకు ఆయన మాటలాడుచునే యుండెను. అసలు చిక్కు వేరొకటి. ఆయన ప్రసంగము శ్రోతతో కలిసి సాగించు విచారణ. ఒక ప్రశ్న వేయును, సమాధానమును దాటవేయును, మరల మొదటికి వచ్చును. గంటకు పైబడిన ఆ నడకనుండి ఒక నిమిషమును కత్తిరించినచో విచారణ పోయి సూక్తి మిగులును. సూక్తిని జనులు ప్రమాణముగా గ్రహింతురు. ఆయన వలదన్న గురుత్వము ఈ దారిని మరల వచ్చును.

కదిరి ప్రాంతమునకే చెందిన మరియొక వాణి ఇచ్చట స్మరణీయము. కటారుపల్లెలో సమాధి గల వేమన పద్యములు జనుల నాలుకలపై బ్రతికినవి. దేనికది స్వతంత్రమగుటచే అవి నిలిచినవి. కాని, 1829లో బ్రౌను వానిని ముద్రించిన పిమ్మటను, ఏది వేమనది, ఏది ఇతరులదను సంశయము పరిశోధకులను వీడలేదు. సంపూర్ణమైన పద్యమునకే ఈ గతి పట్టినప్పుడు, ప్రసంగమునుండి తెగిన వాక్యము మాట చెప్పనేల?

కావున భద్రాలయములును ప్రదర్శనశాలలును యువకులను చేరుటకు చిన్న వీడియోలను వాడుట తప్పు కాదు. ప్రతి ఖండికపై స్థలమును, తేదీని తెలిపి, సంపూర్ణ ప్రసంగమునకు దారి చూపుట వాని కర్తవ్యము. పాఠపరిష్కరణ మెరిగిన మన శాఖలు ఈ విషయమున వానికి తోడ్పడగలవు. ఎందరు చూచిరనుటకంటె ఎందరు కడవరకు వినిరనునదే ఇందు పరీక్ష.