ఇంజనుకీ చలేస్తుంది

ఇంకో రెండు పుల్లలు ఎగదొయ్యరా చిన్నోడా. ఆఁ, ఇప్పుడు చెప్పు. వ్యాను వేడెక్కిపోతోందని మీ మెకానిక్కు థర్మోస్టాట్ పీకేశాడా? "మన ఎండలకి ఇది అక్కర్లేదండీ" అన్నాడా? సరిపోయింది. ఆ మాట వల్ల ఒక శీతాకాలం నేను పడ్డ పాట్లు చెబుతా, వినండి.

మన మాధవరంలో ఇంటికొకడు పట్టాళంలో ఉండేవాడని మీకు తెలుసుగా. నేనూ అలాగే పోయాను. తుపాకీ కంటే స్టీరింగే ఎక్కువ పట్టాను. 1990ల మొదట్లో లేహ్‌లో ఉండేవాణ్ణి. ఖర్దుంగ్ లా కనుమ దాటి అవతల నుబ్రా లోయకి రేషను, కిరసనాయిలు చేరవెయ్యడం మా పని. కనుమ మీద బోర్డు 18,380 అడుగులు అనేది. తర్వాత సరిగ్గా కొలిచినవాళ్ళు 17,582 అన్నారు. ఊపిరాడనివాడికి ఆ ఎనిమిది వందల అడుగులూ ఒక లెక్కా!

అక్కడి చలి ఈ మంటకి తగ్గే చలి కాదు. డీజిలు నెయ్యిలా పేరుకునేది. పొద్దున్నే టాంకు కింద సెగ పెట్టి కాచుకునేవాళ్ళం. గడ్డకట్టని డీజిలు 2019లో గాని రాలేదు.

ఆ ఏడు నాకో బండి ఇచ్చారు. కింద మైదానాల్లో తిరిగొచ్చిన బండి. కేబిన్‌లో హీటరుందని తెగ సంబరపడ్డాను. తీరా తిప్పితే ముసలాడు ఊదినట్టు గోరువెచ్చని గాలి. ఎక్కుడులో కాస్త నయం, దిగుడులో అదీ లేదు. మా ఊపిరే అద్దానికి లోపల మంచై పేరుకునేది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి మంచు గీకడానికి. టెంపరేచరు ముల్లు అడుగునే పడుకునేది. నాదేమో మన ఊరి బుద్ధి! ముల్లు కిందుంటే ఇంజను హాయిగా ఉందనుకుని, హీటర్ని తిట్టుకుంటూ తిరిగాను.

మా మెకానిక్ హవల్దారు ఒక గఢ్వాలీ. ఉస్తాద్ అనేవాళ్ళం. "హీటరంటే పొయ్యి అనుకున్నావా? ఇంజన్లో కాగిన నీళ్ళే దాంట్లోకి వస్తాయి. ఇంజనుకే వేడి లేకపోతే నీకెక్కడి నుంచి ఇస్తుంది?" అన్నాడు.

ముందు రేడియేటర్లో నీళ్ళు చూశాడు. తక్కువైతే హీటర్లో గాలి చేరుతుందట. నిండుగానే ఉన్నాయి. హీటరు గొట్టాలు రెండూ పట్టుకు చూశాడు. ఒకటి కాలుతూ ఒకటి చల్లగా ఉంటే లోపల పూడినట్టు. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. అంటే ముల్లు అబద్ధమాడలేదు.

మర్నాడు తెల్లారి బండి స్టార్ట్ చేయించి, "గ్లౌజు తీసి రేడియేటరు పైగొట్టం పట్టుకుని నిలబడు" అన్నాడు. ఇంజను కాగేదాకా ఆ గొట్టం చల్లగా ఉండాలి, ఆ తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. నా చేతికిందేమో మొదటి నిమిషం నుంచే ఇంజనుతోపాటు నెమ్మదిగా వెచ్చబడుతోంది. "తలుపు తీసిపెట్టి చలి కాచుకుంటున్నావురా" అని మూత విప్పాడు. లోపల ఖాళీ! ఏ ఎండాకాలంలోనో ఎవరో థర్మోస్టాట్ పీకి పారేశారు.

అది చేసే పని ఇంతే. దాని పొట్టలో మైనం ఉంటుంది. నీళ్ళు ఎనభై డిగ్రీల దాకా కాగితే మైనం కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది, నీళ్ళు రేడియేటరుకి పోతాయి. చల్లారితే మళ్ళీ మూసుకుంటుంది. అది లేకపోతే ఇంజను కాగదు. సగం కాలిన డీజిలు సిలిండర్ల మీది ఆయిల్ని కడిగేస్తుంది. తెల్లపొగ, ఎక్కువ తిండి, ఎక్కువ అరుగుదల. హాయిగా ఉందనుకున్న ఇంజను నిజానికి అరిగిపోతోందన్నమాట.

కొత్తది వచ్చేదాకా రేడియేటరుకి సగం వరకే గోనెసంచి కట్టించాడు. మొత్తం కప్పితే ఎక్కుడులో నీళ్ళు మరిగిపోతాయి. ఆ కనుమ మీద నీళ్ళు 82 డిగ్రీలకే తెర్లుతాయి, పప్పయినా కుక్కర్లో తప్ప ఉడకదు. రేడియేటరు మూత కూడా కుక్కరు మూత లాంటిదే, ఆవిరిని నొక్కిపెట్టి బండిని కాపాడుతుంది.

కొత్త థర్మోస్టాట్ వచ్చాక ఉస్తాద్ దాన్ని దారంతో గిన్నెలోకి వేలాడదీసి, నీళ్ళు కాచి, అది నోరు తెరవడం నాకు చూపించి మరీ బిగించాడు. ఆ ట్రిప్పులో ముల్లు మధ్యకొచ్చి నిలబడింది. అద్దం మీది మంచు కారిపోయింది. ఆ రోజు రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాను.

అందుకే అంటున్నా. బండి వేడెక్కితే బెల్టు వదులైందా, రేడియేటరు పూడిందా, ఫాను తిరుగుతోందా చూడాలి గాని కాపలావాణ్ణి పనిలోంచి తీసేస్తారట్రా! పీకింది ఎక్కడ పడేశాడు, షెడ్డు వెనకేనా? పాత ఇనప సామాన్లవాడు రాకముందే పొద్దున్నే పోయి తీసుకురా. మీ నానమ్మనడిగి గిన్నె తీసుకుందాం. నీళ్ళలో నోరు తెరిచిందా, తప్పు దానిది కాదు. తెరవలేదా, కొత్తది వేయిద్దాం.