కంచుబిళ్ళ

కత్తి పట్టినోళ్ళ చరిత్ర రాశారు. ఆ కత్తికి ఒర కుట్టినోడి చరిత్ర రాయలేదు. గుర్రమెక్కినోళ్ళ పేర్లు పుస్తకాల నిండా ఉన్నాయి. ఆ గుర్రానికి జీను కుట్టిందెవరు? ఎండకి నాలుక పిడచగట్టిన సిపాయి నోట్లో పడ్డ నీళ్ళు ఎవరి భుజమ్మీది తోలుతిత్తిలోవి? ఈ ప్రశ్నలు అడగనంత కాలం యుద్ధమంటే పై కులాల మీసాల కథే. అడగడం మొదలుపెడితే మాత్రం మాదిగపల్లె దాకా రావాల్సిందే.

మా ఇంట్లో ఒక కంచుబిళ్ళ ఉంది. ఒకవైపు రాజు తలకాయ. రెండోవైపు గుర్రమ్మీద ఒంటిమీద గుడ్డలేని మనిషి. గుర్రం కాళ్ళకింద డాలు, పుర్రె. చెరో పక్క 1914, 1918 అంకెలు. మా నాయనమ్మ దాన్ని ‘గుర్రపాయన’ అనేది. పిల్లలకి జ్వరమొస్తే ఎర్రదారం కట్టి మెళ్ళో వేసేది. పండగొస్తే చింతపండేసి తోమేది. “మా మామ బస్రా పోయొచ్చాడురా. రాజు పంపిన బిళ్ళ ఇది” అనేది. బస్రా ఎక్కడుందో ఆమెకి తెలీదు, మా నాయనకీ తెలీదు. కానీ ఊళ్ళో మమ్మల్ని ‘బస్రావోళ్ళు’ అని పిలిచేవాళ్ళు. పల్లెలో ఆ మాట గౌరవం. ఊళ్ళో అదే మాట ఎగతాళి.

డిగ్రీ చదివే రోజుల్లో భూతద్దం పెట్టి ఆ బిళ్ళ అంచు చూశాను. నాయనమ్మ తోమీ తోమీ అరగదీసినా అక్షరాలు మిగిలే ఉన్నాయి. ముందు ఒక నంబరు. తర్వాత, సిపాయికి ర్యాంకు ఉండాల్సిన చోట ‘కూలీ’ అని. తర్వాత మా ముత్తాత పేరు, తెల్లోడి చెవికి ఎట్టా వినపడితే అట్టా. చివర లేబర్ కోర్ అని పొట్టి అక్షరాలు. మా వంశంలో అచ్చులో పడ్డ మొట్టమొదటి పేరు అదే. కాయితం మీద కాదు, కంచు మీద.

ఆ కంచు సంగతి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినాక బ్రిటిష్ ప్రభుత్వం ఈ పతకాన్ని రెండు లోహాల్లో పోయించింది. సైనికుడికి వెండి. చైనా, మాల్టా, ఇండియా దేశాల కూలి దళాలకి కంచు. వెండివి అరవై లక్షల పైన పోశారు. కంచువి లక్షా పదివేల దాకా. అదే రాజు, అదే గుర్రం, అవే అంకెలు. లోహం మాత్రం వేరు. ఇది ఆ యుద్ధంతో పుట్టిన పద్ధతి కూడా కాదు. 1885-87 బర్మా దండయాత్ర పతకాన్నే సిపాయికి వెండిలో, బరువు మోసినోడికి, పాకీ పని చేసినోడికి కంచులో ఇచ్చారు. మనువు మాటల్లో చెప్పిన మెట్లని దొర లోహంలో పోశాడు.

అయితే ఆ చిన్నచూపే మాకు సాక్ష్యాన్ని మిగిల్చింది. పక్క ఊళ్ళో ఒక సిపాయి మనవడి ఇంటికి వెళ్ళి పతకం చూపించమని అడిగాను. “వెండి గదా, మా చెల్లెలి పెళ్ళికి కరిగించి పట్టీలు చేయించాం” అన్నాడు. మా తాత కూడా ఒక కరువులో మా బిళ్ళని తాకట్టుకి తీసుకుపోయాడంట. వ్యాపారి రాయిమీద గీసి చూసి, కంచుకి గింజలు రావు పొమ్మని విసిరేశాడంట. వెండిదైతే మా ముత్తాత పేరు ఎవరి కాలి పట్టీలోనో కరిగిపోయేది.

ఇంతకీ ఒంగోలు పక్క పల్లెలో చెప్పులు కుట్టుకునే మనిషి బస్రా దాకా ఎందుకు పోయాడు?

కొంచెం వెనక్కి పోవాలి. కంపెనీ కాలం నించీ మద్రాసు సైన్యంలో మనోళ్ళున్నారు. సిపాయిలుగా ఉన్నారు, సిపాయిల వెనకా ఉన్నారు. పటాలం వెంట ఎద్దుమీద తోలుసంచుల్లో నీళ్ళు మోసేవాణ్ణి ‘పక్కాలీ’ అనేవాళ్ళు. తోలుపని చేసేవాణ్ణి దొరలు ‘చక్లర్’ అని రాసుకునేవాళ్ళు. చక్కిలి అనే కులం పేరే అక్కడ ఉద్యోగం పేరయింది. తర్వాత లార్డ్ రాబర్ట్స్ వచ్చాడు. 1881 నించి 1885 దాకా మద్రాసుకి, 1885 నించి 1893 దాకా దేశం మొత్తానికి సైన్యాధిపతి. దక్షిణాది మనుషులు యుద్ధానికి పనికిరారనీ, ‘వీరజాతులు’ ఉత్తరాదిలోనే ఉన్నాయనీ ఆయన సిద్ధాంతం. 1897లో వచ్చిన తన ఆత్మకథలో కూడా అదే రాసుకున్నాడు. దాంతో తెలుగోళ్ళ పటాలాలు తగ్గిపోయాయి. 1892-93లో మహర్లకీ సైన్యం తలుపులు మూశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్‌పాల్ సుబేదారు మేజరు హోదాలో పనిచేసినాయన. మిలిటరీ బడిలో పంతులుగా ఉన్నాడు. సైన్యం తలుపు మూసుకుపోవడమంటే జీతం పోవడం ఒక్కటే కాదు, అంటరానోడి పిల్లలకి దొరికిన బడి పోవడం. బాబాసాహెబ్ ఆ సంగతిని జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు.

1914లో పెద్ద యుద్ధమొచ్చింది. ఆ నవంబరులోనే బస్రా పట్టుకున్నారు. 1916 ఏప్రిల్ 29న కూత్ దగ్గర బ్రిటిష్ ఇండియా సైన్యం లొంగిపోయింది. తిండి, మందులు, పడవలు సమయానికి అందకపోవడం ఆ ఓటమికి పెద్ద కారణం. అప్పుడర్థమైంది దొరలకి, తుపాకీ పట్టినోడొక్కడితో యుద్ధం నడవదని. రేవు కట్టాలి, రైలు పట్టా వెయ్యాలి, మూట దించాలి, కంచరగాడిద జీను అతకాలి. వీరజాతి కాదని తరిమిన దక్షిణాది మనిషి మళ్ళీ కావాల్సొచ్చాడు. ఈసారి తుపాకీ లేకుండా.

ఆ యుద్ధంలో ఇండియా సైన్యం లెక్కల్లోకెక్కి పోరాడే పని కాకుండా వేరే పని చేసినవాళ్ళు ఐదున్నర లక్షలకి పైనే. రాధికా సింఘా అనే చరిత్రకారిణి 2020లో వీళ్ళ మీద ఒక పుస్తకమే రాసింది. వీళ్ళలోనూ మెట్లున్నాయి. కంచరగాడిదలు తోలేవాళ్ళు, గాయపడ్డోళ్ళని మోసేవాళ్ళు ‘పై’ తరగతి. వంటోడు, పాకీవాడు, నీళ్ళు మోసేవాడు, మోచీ ‘కింద’ తరగతి. చదువుతుంటే మా ఊరి పటం చూస్తున్నట్టే ఉంది.

మా పల్లె గుడిలో పాత రిజిస్టరు ఉంది. గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఆ కరువు కాలం నించీ మా వైపు మాదిగల పేర్లు మిషను పుస్తకాల్లోకెక్కాయి. కరణం లెక్కల్లో భూమి లేనోడికి పేరుండదు. గుడి రిజిస్టర్లో ఉంటుంది. అందులో మా ముత్తాత పేరు పక్కన, 1917లో యుద్ధపు పనికి పోయినట్టు ఒక చిన్న మాట రాసుంది. బిళ్ళ అంచుమీది పేరూ ఈ పేరూ ఒకటేనని తేల్చుకోడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఎందుకంటే ఆ మనిషికి మూడు పేర్లు. ఊరోళ్ళు పిలిచేది ‘గాడు’ తగిలించిన పేరు. గుడిలో బైబిలు పేరు. దొర రాసుకున్నది ఈ రెండూ కానిది. జిల్లాలూ అంతే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలే జిల్లా అయింది, 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. మా ముత్తాత నెల్లూరు జిల్లాలో పుట్టి, గుంటూరు జిల్లా నించి యుద్ధానికి పోయాడు. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. పాత కాయితాల కోసం మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్సుకీ పోవాలి, గుంటూరూ పోవాలి, నెల్లూరూ పోవాలి. కూలికి పోతే పూటగడిచే ఇంట్లోంచి వచ్చినోడికి చరిత్ర వెతకడమంటే బస్సు చార్జీలు వెతుక్కోవడమే.

పంజాబులో యుద్ధానికి పోయిన మూడు లక్షల ఇరవై వేల మంది లెక్క ఊరూరి వారీగా రిజిస్టర్లలో దొరికింది. లాహోరు మ్యూజియంలో ఉన్న ఆ పుస్తకాలని 2021లో జనానికి తెరిచారు. మనకి ఊరూరి రిజిస్టరంటే నాయనమ్మ నోరే.

ఆ నోరు చెప్పిందాన్ని ఇక్కడ రాస్తున్నా. బస్రాలో తాటిచెట్లంత ఖర్జూరం చెట్లంట. పగలు నిప్పులు, రాత్రి ఎముకలు కొరికే చలి. “అక్కడి అరబ్బులు ఏ కులమని అడగలేదమ్మాయ్. మనతో వచ్చినోళ్ళే అడిగారు. వంట వేరే పొయ్యిమీద, నీళ్ళు వేరే పీపాలో” అని ముత్తాత కోడలికి చెప్పేవాడంట. సముద్రాలు దాటి కులాన్ని కూడా ఓడలో తీసుకుపోయారు మనోళ్ళు.

తిరిగొచ్చేసరికి మొదటి పెళ్ళాం లేదు. 1918 విషజ్వరం ఎత్తుకుపోయింది. ఆయన కాళ్ళకి మిలిటరీ బూట్లున్నాయి. ఊరి నడివీధిలో నలుగురు ఆపి విప్పించారు. ఊరందరికీ చెప్పులు కుట్టే మనిషి చేత! బూట్లు చేతబట్టుకుని ఊరు దాటి, పల్లె మొదట్లో తొడుక్కుని ఇంటికొచ్చాడు. తర్వాత యుద్ధానికి పోయొచ్చినోళ్ళకి బంజరు ఇస్తారంటే అర్జీ పెట్టాడు. నువ్వు సిపాయివి కాదు, కూలోడివి అని తిప్పి పంపారు. ఆ బంజరు ఇప్పుడు మూడు చేతులు మారి చేపల చెరువైంది. ఆ గట్టుమీద మా పెదనాయన కొడుకు కాపలా కాస్తున్నాడు. పతకం ఏ లోహంలో పోశారనేది పాత సంగతి కాదని అందుకే అంటున్నా.

బూట్లు విప్పించిన ఏడాదే ముత్తాత తమ్ముడు మద్రాసు రైలెక్కాడు. పెరియమెట్ తోలు గోడౌన్లలో చేరాడు. ఆయన పిల్లలు కార్పొరేషన్ పారిశుధ్య పనిలో కుదిరారు. మద్రాసు వీధులూడ్చిన చేతుల్లో చాలా భాగం నెల్లూరు, ఒంగోలు వైపు నించి పోయిన తెలుగు చేతులే. ఇవాళ వాళ్ళ మనవలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాళ్ళ కాయితం మీద కులం ‘ఆది ఆంధ్ర’. 2009లో తమిళనాడు అరుంధతీయులకి 3 శాతం విడిగా ఇచ్చిన చట్టంలో ఆది ఆంధ్ర, మాదిగ, చక్కిలియన్ పేర్లన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడ పల్లెలో ఉన్న మా పెదనాయన పిల్లలు మాదిగలు, ఎస్సీలు. గుడి సర్టిఫికెట్ పెట్టుకున్న మా చిననాయన పిల్లలు బీసీ-సి. ఒక్క తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల సంతానానికి మూడు కులపత్రాలు. నేను వంశవృక్షం గీస్తే అందరూ ఒకే కాయితం మీదకొచ్చారు. మద్రాసు తాతగారి మనవరాలు మొన్న ఫోన్లో “అన్నా” అని పిలిచింది. వందేళ్ళ తర్వాత కలిసిన చుట్టరికం అది.

కొంతమంది మిత్రులు అడుగుతారు: తెల్లోడి సామ్రాజ్యం కోసం చేసిన పనికి గొప్పేముంది అని. న్యాయమైన ప్రశ్నే. ఇరాకు జనం మీద దండెత్తిన యుద్ధమది. దాన్ని నేను మొయ్యను. కానీ పంజాబు జాట్‌కీ, రాజపుత్రుడికీ వెయ్యని ప్రశ్న మాదిగోడికే ఎందుకు వేస్తారు? 1927 జనవరి 1న బాబాసాహెబ్ కోరేగావ్ స్తంభం దగ్గరికి పోయింది కంపెనీకి దండం పెట్టడానికి కాదు. 1818లో అక్కడ పోరాడిన మహర్లని చూపించి, పిరికి జాతి అన్న మాట అబద్ధమని చెప్పడానికి. నాకు బిళ్ళమీది రాజుతో పనిలేదు. అంచుమీది పేరుతోనే పని.

ఆ పేరు ఎంత విలువైందో బస్రా స్మారకం చెబుతుంది. నలభైవేల మందికి పైగా చనిపోయినవాళ్ళ కోసం కట్టారు దాన్ని. తెల్ల సైనికులకి పేర్లు చెక్కారు. ఇండియా మామూలు సిపాయిలని పటాలానికి ఇంతమందని అంకెల్లో ముగించారు. ఆ సమాధుల సంస్థే 2021లో నివేదిక ఇచ్చి ఒప్పుకుంది: లక్షా పదహారు వేలమందికి తక్కువ కాకుండా, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో గుర్తుంచుకోలేదని, కొందరినైతే అసలే గుర్తుంచుకోలేదని. ఆఫ్రికా వాళ్ళు, మన దేశం వాళ్ళు, అందులోనూ మూటలు మోసినవాళ్ళు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ ఇళ్ళల్లో చూడండి. ట్రంకుపెట్టె అడుగున, దేవుడి గూట్లో, పిల్లల మొలతాట్లో. నల్లబడ్డ బిళ్ళ కనపడితే ముందు అంచు చదవండి. నంబరు, హోదా, పేరు, దళం విడివిడిగా రాసుకోండి. తుప్పు వదిలించడానికి రుద్దకండి, అక్షరాలు పోతాయి. గుడి రిజిస్టర్లు చెదలు తినకముందే ఫోటోలు తీయండి. బస్రావోళ్ళు, రంగమోళ్ళు, పటాలమోళ్ళు, ఇట్టాంటి ఇంటిపేర్లు మీ పల్లెలో ఎవరికున్నాయో అడగండి. రంగూన్‌ని మన పెద్దోళ్ళు రంగం అన్నారని గుర్తుంచుకోండి. ఎనభై దాటిన అవ్వలు ఉన్నంతలోనే కూర్చోబెట్టి మాట్లాడించండి. మా నాయనమ్మ చెబుతున్నప్పుడు పక్కన కూర్చుని రాసుకున్న నోటుపుస్తకం పేజీలు నలభై. ఆమె పోయినాక ఆర్కైవ్సుల్లో నాకు దొరికినవి రెండే పేజీలు.