ప్రోటానా, ఫోటానా? ఎనభై ఏళ్ళ నాటి ఒక ఆలోచన కథ

బ్రెయిన్ ట్యూమర్‌కి కరెంటు పెట్టాలి అని డాక్టర్ చెప్పగానే ఈ మధ్య ఇళ్ళల్లో వస్తున్న ప్రశ్న, "ప్రోటాన్ పెట్టిస్తే మంచిదటగా?" అని. ఖర్చు ఎక్కువ కాబట్టి కొత్తది, కొత్తది కాబట్టి గొప్పది అనుకుంటాం. నిజానికి ఈ ఆలోచన 1946 నాటిది. మరి ఇన్నాళ్ళు ఎందుకు పట్టింది? ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

మామూలు రేడియేషన్ అంటే ఫోటాన్లు, అంటే 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్-కిరణాలే. వీటితో చిక్కేమిటంటే, ఇవి గడ్డ దగ్గర ఆగవు. దారిలో కొంత, గడ్డ దాటాక కొంత శక్తిని వదులుతూ అటువైపు నుంచి బయటికి పోతాయి. ప్రోటాన్ అలా కాదు. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ శక్తి వదిలి, చివర్లో మిగిలినదంతా ఒక్కచోట కుమ్మరించి ఆగిపోతుంది. దీన్నే బ్రాగ్ పీక్ అంటారు.

ఈ గుణాన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో రాసింది రాబర్ట్ విల్సన్. అంతకుముందు అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో మొదటిసారి రోగులకి ప్రోటాన్లు ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్ళకి, హార్మోన్లు తగ్గించడం కోసం, తలలోని పీయూష గ్రంథి మీద. ఆ గ్రంథి పుర్రె అడుగున ఎముక గుంటలో ఉంటుంది, ఎముక మామూలు ఎక్స్-రేలో కనిపిస్తుంది. అయినా ప్రోటాన్ల ఆగే గుణాన్ని వాళ్ళు వాడుకోలేదు. రకరకాల దిశల నుంచి తల గుండా దూసుకుపోయేలా పంపారు. నాకు ఈ కథలో కీలకం అనిపించేది ఇదే. గురి కచ్చితంగా ఆగుతుంది సరే, ఎక్కడ ఆపాలో తెలియాలి కదా!

ఈలోగా ఫోటాన్లు తమ దారి తాము వెతుక్కున్నాయి. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ ముందు ప్రోటాన్లు ప్రయత్నించి, తర్వాత కోబాల్ట్ వైపు మళ్ళాడు. వందకు పైగా సన్నని కిరణాలు ఒకే బిందువులో కలిసే గామా నైఫ్ అలా పుట్టింది.

1971లో లండన్‌లో ఒక రోగి మెదడుకి మొదటి సీటీ స్కాన్ తీశారు. గడ్డ ఎంత లోతులో ఉందో కంటికి కనిపించింది. ఆ తర్వాతే ప్రోటాన్లకి అసలు రోజులొచ్చాయి. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రిలోనే ప్రోటాన్ కేంద్రం వచ్చింది. మన దేశంలో 2019లో చెన్నైలో మొదలైంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. మెడుల్లోబ్లాస్టోమా వచ్చిన పిల్లలకి చాలాసార్లు వెన్నుపాము మొత్తానికి రేడియేషన్ ఇవ్వాలి. ఫోటాన్లయితే వెన్ను దాటి గుండె, పేగుల గుండా పోతాయి. ప్రోటాన్లు ముందే ఆగుతాయి. ఇంకా డెబ్బై ఏళ్ళు బతకాల్సిన బిడ్డకి ఇది చాలా పెద్ద తేడా.

పెద్దవాళ్ళకి వచ్చే గ్లియోబ్లాస్టోమా వేరు. దాని కణాలు కనిపించే అంచు దాటి పాకి ఉంటాయి, చుట్టూ కొంత మెదడుకి కూడా ఇవ్వక తప్పదు. పైగా గడ్డని చంపే బలం ప్రోటాన్‌కి ఫోటాన్ కన్నా సుమారు పది శాతమే ఎక్కువని లెక్కేసి, మోతాదు ఆ మేరకు తగ్గించే ఇస్తారు. 2021లో వెలువడిన ఒక చిన్న అమెరికన్ ట్రయల్‌లో ప్రోటాన్ వాళ్ళకి దుష్ప్రభావాలు తగ్గాయి. కానీ ఆలోచనాశక్తి తగ్గడం ఆలస్యం కాలేదు, ఆయుష్షులోనూ తేడా కనిపించలేదు.

అందుకే పొలం అమ్మే ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి. "ఏ మెషిన్ గొప్పది?" అని కాదు, "ఈ గడ్డ వెనకాల మనం కాపాడుకోవాల్సింది ఏముంది?" అని. జవాబు దాన్ని బట్టే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.