గడ్డపు తొండలు: పరిమాణభేదము, సహనివాసము

గడ్డపు తొండ ఆస్ట్రేలియా ఖండాంతర్భాగమునందలి అర్ధశుష్కభూములలో పుట్టి, పెంపుడు ప్రాణిగా నేడు పెక్కు దేశములకు వ్యాపించిన సరీసృపము. పెంపకందారులు బియర్డెడ్ డ్రాగన్ అని వ్యవహరించు దీని శాస్త్రనామము పొగోనా విట్టిసెప్స్. సూరతు నగరమున లింబాయతు మొదలగు పేటలయందలి తెలుగువారు ఎరిగిన మన తొండయు ఈ అగామా కుటుంబమునకే చెందినది. పరిమాణమున సమానములు గాని గడ్డపు తొండలను ఒకే గాజుతొట్టెలో నుంచుట వలని అపాయములు ఈ వ్యాసమునకు విషయము.

చరిత్ర

ఈ జాతిని 1926లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఆల్ ఆంఫిబోల్యూరస్ ప్రజాతి క్రింద వర్ణించెను. 1982లో స్టార్ దీనిని పొగోనా ప్రజాతిలో చేర్చెను. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల ఎగుమతిని నిషేధించిన కాలమును గూర్చి వ్రాతలు ఏకీభవింపవు. 1960 దశకమని పలువురును, అటుపిమ్మటనని కొందరును వ్రాసిరి. సమగ్రమైన చట్టరూపము మాత్రము 1982 నాటిది. ఇతర దేశములలోని పెంపుడు తొండలు నిషేధమునకు ముందో, దానిని దాటియో ఐరోపాకు చేరినవాని సంతతియని సాధారణముగా చెప్పుదురు.

పరిమాణభేదము ఏర్పడు విధము

గ్రుడ్డు వెడలిన పిల్ల సుమారు 10 సెంటీమీటర్ల పొడవును, రెండు మూడు గ్రాముల బరువును గలిగియుండును. పెరిగిన తొండ తోకతో గూడ 45 మొదలు 60 సెంటీమీటర్ల వరకు సాగును. ఒక ఈత గ్రుడ్లనుండి ఒకే దినమున వెలువడిన పిల్లలైనను చిరకాలము సమానముగా నుండవు. మొదట మేతనందుకొన్నది వేగముగా పెరుగును. పెరిగినది మరుసటి పూట మేతను మరింత సులభముగా నందుకొనును. ఈ విధమున స్వల్పమైన భేదము తనంతట తానే వర్ధిల్లును. కనుక తోబుట్టువులను కలిపి పెంచినచో భయము లేదను మాట తొలి వారములకు కొంత వర్తించునేమో గాని, తరువాతి కాలమునకు ప్రమాణము గాజాలదు.

అపాయములు

ప్రత్యక్షమైన అపాయము కాటు. పిల్లతొండలు ప్రధానముగా కీటకభక్షకములు. కదలు ప్రతి చిన్న వస్తువును ఆహారముగా భావించి పట్టుకొను స్వభావము వానికి గలదు. ప్రక్కనున్న పిల్ల తోకకొన, కాలివ్రేలు సయితము ఈ భ్రాంతికి లోనగును. బల్లితోకవలె ఈ తొండ తోక మరల పెరుగదు. తెగినచోట పుండుపడి, ఎండి నల్లబారి, ఆ క్షయము మొదలువైపునకు ప్రాకుటయు గలదు. పెద్దది మిక్కిలి చిన్నదానిని మ్రింగుటకు యత్నించిన సందర్భములు పెంపకందారులకు తెలిసినవే. అచట నడచునది మత్స్యన్యాయమే.

రక్తము కానరాని అపాయము ఇంతకన్న నెక్కువ. తొట్టెలోని వెచ్చని తావు, రమారమి 40 డిగ్రీల వేడిమి గలది, ఒక్క దీపము క్రింద నొక్క రాతిపైననే యుండును. పెద్ద తొండ చిన్నదానిపై నెక్కి కూర్చుండగా చూచువారు దానిని స్నేహముగా తలంతురు. వాస్తవమున పైనున్నది వేడిమిని, అతినీలలోహిత కాంతిని తానే గ్రహించుచు, క్రిందిదానిని వానికి దూరము చేయుచున్నది. వేడిమి చాలని తొండకు తిన్నది జీర్ణము గాదు. ఆ కాంతి లేనిదానికి డి విటమిను కొరవడి ఎముకలు మెత్తబడును. అట్టి పిల్ల మూలకు చేరి, కన్నులు సగము మూసి, ముంగాలిని మెల్లగా గుండ్రముగా త్రిప్పుచుండును. ఇది లోబడుటకు గుర్తు. పెద్దది గడ్డమును నలుపెక్కించి తలను వేగముగా నాడించును.

రోగసంక్రమణము మూడవది. కాక్సిడియా పరాన్నజీవులును, అడెనోవైరసును మలము ద్వారా తొట్టెయంతట వ్యాపించును. పెద్దతొండ లక్షణములు చూపకయే మోయు వ్యాధి బలహీనమైన పిల్లకు ప్రాణాంతకము కావచ్చును.

సూరతు పరిస్థితి

తాపీనదీ ముఖమునకు సమీపమున నున్న ఈ నగరమున ఏటేట సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన, అధికభాగము జూను మొదలు సెప్టెంబరు లోపల, కురియును. అర్ధశుష్కభూమికి తగిన ప్రాణికి ఈ తేమ సహజముగా ప్రతికూలము. వానకాలమున తొట్టెయంతయు చెమ్మగిల్లగా దీపము క్రింది తావొక్కటియే పొడిగా మిగులుటచే, ఆ తావునకై పోటీ ఆ నెలలలో తీవ్రతరమగునని ఊహింపవచ్చును.

భిన్నాభిప్రాయములు

ఈ తొండలు సంఘజీవులనువారు, ఒకటి చేసిన పనిని చూచి మరియొకటి తలుపును తెరచుట నేర్చెనని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 2014లో ప్రకటించిన ఫలితమును ఉదాహరింతురు. చూచి నేర్చుకొనుట వేరు, ఇరుకుతావును పంచుకొనుట వేరు. ఇంతకన్న, దగ్గరి జాతియైన తూర్పు గడ్డపు తొండ సాంఘికవర్తనమును గూర్చి బ్రాట్‌స్ట్రమ్ 1971లో ప్రకటించిన రచన ఇచట అధికముగా నుపకరించును. బంధింపబడిన గుంపులలో అధికారక్రమమేర్పడునని దాని వలన తెలియుచున్నది. మెలకువగల పశువైద్యులు పలువురు తొండకొక తొట్టెయనియే చెప్పుదురు.

నివారణ

రెండింటిని వేరు తొట్టెలలో నుంచుటయే నిశ్చితమైన ఉపాయము. ఒకదానికొకటి కనబడకుండ నడుమ అట్ట నిలుపుట మేలు. క్రొత్తగా తెచ్చినదానిని కొన్ని నెలలపాటు ప్రత్యేకించి, మలపరీక్ష చేయింపవలెను. పిల్లకిచ్చు మేత దాని రెండు కన్నుల నడిమి వెడల్పును మించరాదు. వారమునకొకమారు తూకము వేసి వ్రాసికొన్నచో, కాటు కనబడకముందే వెనుకబడుచున్న పిల్ల తెలియవచ్చును. వైద్యమునకు సూరతునకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న నవసారిలో పశువైద్య కళాశాల గలదు. విదేశీప్రాణుల విషయమున 2022 నాటి వన్యప్రాణిరక్షణ చట్టసవరణ నమోదు నిబంధనలను తెచ్చినందున, కొనుగోలు పత్రములను భద్రపరచి అటవీశాఖ వారిని ముందుగా సంప్రదించుట యుక్తము.